గగనమున మాటలకు చోటు

రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట ఇంటిలోని రేడియో ముల్లును మధ్యతరంగముల పలకపై మెల్లగా త్రిప్పి చూచినవారి కెల్లరకు ఒక అనుభవము కలదు. పగటివేళ నిర్మలముగా వినవచ్చిన కేంద్రముపై రాత్రి మరియొక దూరకేంద్రము వచ్చి పడును. రెండు గొంతులు కలగాపులగమగును. వానితోపాటు సన్నని ఈల యొకటి బయలుదేరును. మనము విసుగుకొని ముల్లును కొంచెము జరుపుదుము. లేదా రేడియో కట్టి నిద్ర కుపక్రమింతుము. పాట చెడినది, అంతకు మించిన నష్టము లేదు. కాని ఇట్టి ఈలయే 11 కిలోమీటర్ల యెత్తున, గంటకు 900 కిలోమీటర్ల వేగమున పోవుచున్న విమానములోని పైలటు చెవిని పడినచో? అతడు ముల్లు జరిపి మరియొక పాటను వెదకుకొనజాలడు. క్రిందినుండి తనకు రావలసిన యాజ్ఞ ఆ ఈలలో మునిగిపోవచ్చును.

ఆకాశమున విమానములను ఒకదానికొకటి ఎడముగా నడుపుట యెంత ముఖ్యమో, వానితో మాటలాడు రేడియో మార్గములను ఒకదానితోనొకటి కలియకుండ ఎడముగా నుంచుటయు నంత ముఖ్యము. ఈ రెండవ యెడమును గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచితిమి. సుమారు డెబ్బది యేండ్ల కాలమున ఈ యెడము 200 కిలోహెర్ట్జులనుండి 8.33 కిలోహెర్ట్జుల వరకు కుంచించుకొనిపోయినది. ఎందులకు కుదింపవలసివచ్చెను, ఎట్లు కుదించిరి, అందువలన గలిగిన మేలేమి, చిక్కులేమి అనునవి రేడియో గల ప్రతి యింటివారును తెలిసికొనదగిన విషయములు. ఏలయన ఇందలి సూత్రము మన యింటి రేడియోలో నున్న సూత్రమే.

ఎడమనగా నేమో మొదట మన రేడియోతోనే గ్రహింపవచ్చును. హైదరాబాదు 738, విజయవాడ 837, విశాఖపట్టణము 927 — ఈ సంఖ్యలు తెలుగు శ్రోతలకు చిరకాలముగా పరిచితములు. ఇవి కిలోహెర్ట్జుల సంఖ్యలు; మన పెద్దలు కిలోసైకిళ్లని వ్యవహరించినవియు నివియే. ఆ కేంద్రపు తరంగము సెకనునకు అన్ని వేల మారులు కంపించునని అర్థము. పై మూడు సంఖ్యలను 9 చేత భాగించి చూడుడు. 82, 93, 103 అని శేషము లేకుండ వచ్చును. ఇది కాకతాళీయము కాదు. 1975లో జెనీవా నగరమున కుదిరిన యొడంబడిక ననుసరించి, 1978 నవంబరునుండి యూరపు, ఆఫ్రికా, ఆసియా ఖండముల మధ్యతరంగ కేంద్రములకు 9 కిలోహెర్ట్జుల యెడముతో స్థానము లేర్పరుపబడినవి. అమెరికా ఖండములలో నీ యెడము 10. వీధిలో ఇండ్ల స్థలములను కొలిచి హద్దురాళ్లు నాటినట్లే యిదియును. స్థలములు విశాలమైనచో పొరుగింటి మాటలు వినబడవు. కాని వీధిలో ఇండ్లు తక్కువ పట్టును. స్థలములను ఇరుకు చేసినచో ఇండ్లెక్కువ పట్టును. గోడలు మాత్రము గట్టిగా కట్టుకొనవలెను. విమానముల రేడియో చరిత్ర కూడ ఇంతియే.

ఇక విమానముల వీధి యెక్కడ నున్నది? మన యింటి ఎఫ్.ఎం. రేడియో పలకపై అంకెలు 88 మొదలు 108 మెగాహెర్ట్జుల వరకు నుండును. ఆ పలక ముగిసిన చోటనే విమానముల రాజ్యము మొదలగుచున్నది. 108నుండి 118 వరకు విమానములకు దారిచూపు సంకేతములకు కేటాయింపబడినది. 118నుండి 137 వరకు మాటలకు విడువబడినది. అనగా మాటల కున్న చోటు 19 మెగాహెర్ట్జులు, లేక 19,000 కిలోహెర్ట్జులు మాత్రమే. అంతర్జాతీయ నియమముల ననుసరించి లోకమంతట నిదియే పట్టీ. విమానాశ్రయ గోపురము, నేలపై విమానములను నడపించువారు, దిగుటకు వచ్చు విమానములను వరుసలో నిలుపువారు, దూరమార్గములపై కనిపెట్టియుండువారు, వాతావరణమును ప్రకటించువారు, ఆపదలో నున్నవారు — అందరును ఈ యొక్క పట్టీలోనే సర్దుకొనవలెను.

ఒకే చానెలును వేరువేరు నగరములకు మరల మరల ఇచ్చుకొనవచ్చును గదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఇచ్చుకొనవచ్చును, కాని దూరము పాటింపవలెను. ఈ యున్నత పౌనఃపున్యపు తరంగములు మధ్యతరంగములవలె నేలను పట్టుకొని ప్రాకవు. రాత్రివేళ ఆకాశపు పొరను తాకి తిరిగి దిగుటయు సామాన్యముగా నుండదు. అవి చూపువలె సూటిగా పోవును. నేలపై నిలిచినవానికి ఈ చూపు కొలది కిలోమీటర్లకే ముగియును. ఎత్తు పెరిగినకొలది దిగంతము దూరమగును. 11 కిలోమీటర్ల యెత్తున నున్న విమానపు మాట నేలపై సుమారు 430 కిలోమీటర్ల దూరము వరకు చేరగలదు. అంతే యెత్తున ఎదురుగా మరియొక విమానమున్నచో ఇరువురి చూపులు కలిసి 860 కిలోమీటర్ల వరకు వినికిడి సాధ్యమగును. హైదరాబాదుపై ఎగురు విమానపు మాట బెంగుళూరుపై, చెన్నైపై, ముంబయిపై ఆ యెత్తున ఎగురు విమానములకు కూడ చేరగలదన్నమాట. కనుక ఈ నగరములపై ఎత్తున పోవు విమానములకు ఒకే చానెలు నిచ్చుటకు వీలులేదు.

ఈ లెక్కను యూరపు పటముపై వేసినచో చిక్కు స్పష్టమగును. ఫ్రాంక్‌ఫర్టు కేంద్రముగా 860 కిలోమీటర్ల వలయము గీసినచో పారిస్, లండన్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, జూరిక్, మిలాన్, వియన్నా, ప్రాగ్, కోపెన్‌హాగెన్ నగరములన్నియు ఆ వలయములోనే పడును. ఎన్నియో ప్రభుత్వములు, ఎన్నియో విమానాశ్రయములు. పట్టీ మాత్ర మొక్కటియే.

చానెళ్ల యవసరము ఏల పెరుగుచుండునో కూడ తెలిసికొందము. ఆకాశమును నియంత్రణ కేంద్రములవారు సెక్టారులను భాగములుగా విభజింతురు. ఒక్కొక్క సెక్టారునకు ఒక కంట్రోలరు మాటలాడును. ఆ సెక్టారునకు ఒక చానెలు. అందులోని విమానము లన్నియు ఆ చానెలుననే వినుచుండును. ఒకరు మాటలాడునప్పుడు తక్కినవారు మౌనము వహింపవలెను. రద్దీ హెచ్చినకొలది మాటకు మాటకు నడుమ నుండు విరామము తరిగిపోవును. ఒక దశలో కంట్రోలరు ఇక సమర్థించుకొనలేడు. అప్పుడు చేయవలసినది సెక్టారును రెండుగా చీల్చి రెండవ కంట్రోలరును కూర్చుండబెట్టుట. మనిషి దొరకును, బల్ల దొరకును, తెర దొరకును. కాని రెండవ సెక్టారునకు మరియొక చానెలు కావలెను. అది దొరకనిచో సెక్టారును చీల్చుటకు వీలులేదు. చీల్చనిచో విమానముల సంఖ్యను తగ్గింపవలెను. ప్రయాణికులు విమానములో కూర్చుండియు బయలుదేరక నేలపై వేచియుండుటకు గల కారణములలో నిది యొకటి. 1990ల నాటి యూరపులో ఈ పరిస్థితియే దాపురించినది.

అంతకు పూర్వము ఈ కొరతను ఎట్లు తీర్చుకొనుచు వచ్చిరో చూడవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1940ల చివరి భాగమున, పట్టీ 118నుండి 132 మెగాహెర్ట్జుల వరకు నుండెను. చానెలునకు చానెలునకు 200 కిలోహెర్ట్జుల యెడము. లెక్క చూచిన 70 చానెళ్లు. నాటి యంత్రములలో పలుటికి ఒక్కొక్క చానెలునకు ఒక్కొక్క స్ఫటికమును అమర్చుచుండిరి. యంత్రము వేడెక్కినను చల్లబడినను తరంగము కొంత ప్రక్కకు తొలగుచుండెను. కనుక హద్దులు విశాలముగా నుంచక తప్పలేదు. 1950ల చివర ఎడమును 100 కిలోహెర్ట్జులకు తగ్గింపగా చానెళ్లు 140 అయినవి. తరువాత పట్టీని 136 వరకు పొడిగించిరి. 1960లలో ఎడము 50 కాగా 360 చానెళ్లు వచ్చినవి. 1972లో 25 కిలోహెర్ట్జుల యెడము వచ్చి సంఖ్య 720 అయినది. 1979 నాటి ప్రపంచ రేడియో సమావేశపు నిర్ణయమున పట్టీకి తుదియొక మెగాహెర్ట్జు చేరి, 137 వరకు పెరిగి, మొత్తము 760 అయినది. ప్రతి మారును యంత్రముల నాణ్యము పెరుగుట, హద్దులు కుదించుట, చానెళ్లు రెట్టింపగుట — ఇదియే క్రమము.

1990లలో మరల కొరత యేర్పడినప్పుడు లోకమున రెండభిప్రాయములు బయలుదేరినవి. మాటను అంకెలుగా మార్చి, ఒకే 25 కిలోహెర్ట్జుల చానెలును కాలమునుబట్టి పంచుకొను క్రొత్త పద్ధతిని అమెరికా దేశము కోరెను. అంతకాలము వేచియుండుటకు యూరపునకు వ్యవధి లేకపోయెను. పాతపద్ధతినే యుంచి చానెలును మూడు ముక్కలుగా కోయుదమని యూరపు దేశములు పట్టుబట్టినవి. 1995లో మాంట్రియల్ నగరమున జరిగిన అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ సమావేశము ఈ కోతకు అంగీకరించెను. అమెరికా తలపెట్టిన పథకము తరువాత నిలిచిపోయినది. తాత్కాలికోపాయమని యెంచబడిన యూరపు పద్ధతియే నిలదొక్కుకొనినది. 25ను మూడుచే భాగింపగా వచ్చినదే 8.33, ఆ మూళ్లకు అంతము లేదు. 760 చానెళ్లు మూడింతలై 2,280 అగునని లెక్క.

రెండుగా గాక మూడుగా నేల కోసిరి? మానవుని మాటకు ఎంత చోటు చాలునను ప్రశ్నకు సమాధానమే ఇందు హేతువు. మన మధ్యతరంగ కేంద్రములవలెనే విమానములును ఏ.ఎం. పద్ధతిని వాడుచున్నవి. అనగా మాటయొక్క హెచ్చుతగ్గులు తరంగపు బలములోని హెచ్చుతగ్గులుగా మారును. అట్లు మారినప్పుడు మూలతరంగమునకు ఇరుప్రక్కల రెండు పార్శ్వపట్టీలు పుట్టును. మాటలో ఎంత పైస్థాయి ధ్వని యున్నదో అంత దూరము వరకు అవి వ్యాపించును. సంగీతమునకైనచో పైస్థాయి ధ్వనులు చాల కావలెను. లేనిచో వీణ వీణవలె నుండదు. కాని ఆజ్ఞ అర్థమగుటకు 2,500 హెర్ట్జుల వరకు గల ధ్వనులు చాలును. ఇటు 2.5, అటు 2.5, వెరసి 5 కిలోహెర్ట్జులు. 8.33లో 5 పోగా మిగిలిన 3.33 కిలోహెర్ట్జులు రెండిండ్ల నడుమ సందువలె నుండును. 25 కిలోహెర్ట్జుల చానెలులో నీ సందు చాల విశాలమైనది. అందులో ఎక్కువ భాగము వృథాగా పడియుండెను. ఆ ఖాళీ స్థలమునే ఇండ్లకు పంచిరి.

సందు ఇరుకైనప్పుడు గోడ వంకరగా నుండరాదు. 25 కిలోహెర్ట్జుల నాటి నియమము ప్రకారము విమానములోని యంత్రము తన పౌనఃపున్యమునుండి లక్షకు మూడు వంతుల వరకు తొలగవచ్చును. స్వల్పమే యనిపించును. కాని 130 మెగాహెర్ట్జుల యొద్ద లక్షకు మూడనగా 3.9 కిలోహెర్ట్జులు! 8.33 చానెలులో మధ్యనుండి హద్దుకు దూరము 4.17 మాత్రమే. అంత తొలగిన యంత్రము పొరుగింటి గడపపై నిలిచి మాటలాడినట్లగును. కనుక క్రొత్త విధానమున విమాన యంత్రమునకు పదిలక్షలకు ఐదు, నేలపైనున్న యంత్రమునకు పదిలక్షలకు ఒకటి అని హద్దు విధించిరి. 130 మెగాహెర్ట్జుల యొద్ద ఇవి వరుసగా 650, 130 హెర్ట్జులు. రైలు కూత మనను సమీపించునప్పుడు హెచ్చి, దాటిపోవునప్పుడు తగ్గినట్లు, విమానపు వేగమువలన తరంగమును కొంచెము మారును. గంటకు 900 కిలోమీటర్ల వేగమున ఆ మార్పు 100 హెర్ట్జులకు కొంచెము పైగా నుండును. అది ఈ సందులో ఇముడును. గ్రాహకములోని వడపోత కూడ తన చానెలును మాత్రమే లోనికి విడిచి, ప్రక్కదానిని గట్టిగా ఆపవలెను. పాతయంత్రమునకు ఈ వడపోత లేదు. అది వినునప్పుడు మూడు ఇరుకు చానెళ్ల మాటలను ఒక్కమారుగా లోనికి విడుచును. పలుకునప్పుడు పొరుగు చానెళ్లవారి మాటలను చెరచును. అందుచేత ఒక ప్రాంతమున ఇరుకు చానెళ్లు వచ్చినచో అచ్చట ఎగురు విమానము లన్నియు యంత్రములను మార్చుకొనవలసినదే. కొందరు మార్చి కొందరు మానుటకు వీలులేదు.

చానెళ్లకు పేర్లు పెట్టుటలోను చిక్కు వచ్చినది. అంతములేని మూళ్లను పైలటు చదువలేడు, కంట్రోలరు చెప్పలేడు. 118.000, 118.00833, 118.01666 అనుచు ఆజ్ఞ లిచ్చుట యెట్లు? అందుచేత అంకెలకును పౌనఃపున్యములకును ఉన్న ముడిని కొంచెము సడలించిరి. ఈ మూడు ఇరుకు చానెళ్లకు 118.005, 118.010, 118.015 అని పేర్లు పెట్టిరి. తరువాతి మూటికి 118.030, 118.035, 118.040. పాత విశాలమైన చానెళ్లకు 118.000, 118.025 అను పాత పేర్లే మిగిలినవి. కనుక 118.000 అన్నను 118.005 అన్నను మూలతరంగ మొక్కటే. మొదటిది విశాలమైన గది, రెండవది ఇరుకు గది. పైలటు త్రిప్పు అంకె ఇంటి నంబరే గాని కొలత కాదు. ఆ నంబరును బట్టి యంత్రము తానే తగిన వడపోతను ఎన్నుకొనును.

ఈ యేర్పాటు తెలివైనదే కాని మానవునిపై నొక భారమును మోపినది. పూర్వము 132.025 అనవలసిన చోట తుది యంకెను విడిచి 132.02 అన్నను అర్థమగుచుండెను. ఇప్పుడు ఆరంకెలును పలుకవలెను. తుది రెండును సున్నలైనచో మాత్రమే వానిని విడువవచ్చును. చెప్పిన యంకెలను పైలటు తిరిగి చదివి వినిపింపవలెను. కంట్రోలరు చెవియొగ్గి సరిచూడవలెను. ఒక్క యంకె తప్పినచో ఏమగును? పైలటు శూన్యమైన చానెలులో పడును. అతనికి నిశ్శబ్దమే వినబడును. నిశ్శబ్దము తప్పువలె తోచదు, ప్రశాంతతవలె తోచును. ఇక్కడ కంట్రోలరు పిలుచుచునే యుండును, సమాధానము రాదు. మాట తెగిపోయిన విమానమును చూచివచ్చుటకు యుద్ధవిమానములను పంపుట కూడ యూరపులో జరుగుచుండును. ఈ కారణముననే, పిలుపునకు బదులు లేనిచో వెనుకటి చానెలునకు మరలి చెప్పవలెనని పైలటులకు శిక్షణ నిత్తురు.

ఇంతటి నాణ్యము సాధించినవారు ఎఫ్.ఎం. పద్ధతి నేల స్వీకరింపలేదని పాఠకులకు తోచవచ్చును. ఎఫ్.ఎం. సంగీతము ఎంత స్వచ్ఛముగా నుండునో మన మెరుగుదుము. ఆ స్వచ్ఛతయే ఇచ్చట లోపము. ఎఫ్.ఎం. గ్రాహకముపై రెండు ప్రసారములు పడినచో బలమైనది బలహీనమైన దానిని పూర్తిగా మ్రింగివేయును. రెండవవాడు పిలిచినాడన్న జాడయే మిగులదు. ఏ.ఎం.లో నట్లు గాదు. ఇరువురు ఒక్కమారు పలికినచో ఈల పుట్టును. మాట అర్థముకాకపోయినను, మరియొకడు కూడ పలికెనన్న సంగతి తెలియును. మన రేడియోలో విసుగు పుట్టించు ఈలయే అచ్చట హెచ్చరిక. ఇరుకైన పట్టీలో ఇముడుటయు, పాతయంత్రములతో పొత్తు కుదురుటయు ఏ.ఎం.కు మరి రెండు ప్రయోజనములు.

కాని ఈ హెచ్చరికయు అన్నివేళల కాపాడలేదు. 1977 మార్చి 27వ తేదీన కెనరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయమున దట్టమైన మంచు క్రమ్మియుండగా, రెండు బోయింగ్ 747 విమానములు ఒకే రన్‌వేపై ఢీకొనినవి. 583 మంది మరణించిరి. కె.ఎల్.ఎం. విమానము అనుమతి లేకయే పరుగు నారంభించినది. ఆ క్షణముననే, ఆగియుండుమని గోపురమునుండి కంట్రోలరును, తామింకను రన్‌వేపైననే యున్నామని పాన్ అమెరికన్ విమానపు వారును ఒక్కమారుగా పలికిరి. రెండు ప్రసారములు కలిసి కె.ఎల్.ఎం. పైలటుల చెవులకు కీచుమను ధ్వనియై తగిలినవి. రావలసిన మాట స్పష్టముగా రాలేదు. ఆ ప్రమాదమునకు కారణములు పెక్కు. చానెళ్ల మధ్యనుండు ఎడముతో దానికి సంబంధము లేదు. అయినను మాటల కున్న చోటును కాపాడుకొనుట యనగా నేమో, రెండు మాటలు ఒకదానిపై నొకటి పడుట యనగా నేమో దీనివలన తెలియుచున్నది. ఒక చానెలుపై విమానముల సంఖ్య తక్కువైనకొలది ఇట్లు జరుగు నవకాశమును తగ్గును. సెక్టారులు పెంచుటకు చానెళ్లు కావలెననుటలోని అసలు సంగతి యిదియే. నేలపై వేచియుండు ప్రయాణికుల విసుగు ఒక్కటే కాదు.

ఇరుకు విధానము అన్నిచోట్ల నప్పలేదు. పర్వతప్రాంతములలోను, విశాలమైన సెక్టారులలోను ఒక్క ప్రసారిణి చాలదు. అట్టిచోట్ల రెండు మొదలు ఐదు వరకు ప్రసారిణులను వేరువేరు కొండలపై నిలిపి, ఒకే మాటను ఒక్కమారుగా పలికింతురు. అన్నియు సరిగా ఒకే పౌనఃపున్యముననున్నచో కీచుధ్వని పుట్టును గనుక, ఒక్కొక్క దానిని కొన్ని కిలోహెర్ట్జులు ప్రక్కకు జరుపుదురు. అప్పుడును ఈల పుట్టును. కాని అది మాటల స్థాయిని మించి పోవుటచే గ్రాహకము దానిని తొలగించును. 25 కిలోహెర్ట్జుల గదిలో ఇట్లు జరుపుకొనుటకు చోటున్నది, 8.33లో బహుస్వల్పము. అందుచేత నిట్టి చానెళ్లు పెక్కు పాతవిధముననే నిలిచినవి. మరియొక మినహాయింపు 121.5 మెగాహెర్ట్జులు. అది ఆపదలో నున్నవారు పిలుచు చానెలు. ఎంత పాతయంత్రమైనను, ఎంత కొంచెము తొలగినదైనను ఆ పిలుపు వినబడవలెనని దానిని విశాలముగానే యుంచిరి. స్థలమునకు ఎంత కరవు వచ్చినను ఆ యొక్క గదిని కోయకుండ విడిచిపెట్టుట న్యాయమైన పని.

ఆచరణమున ఈ మార్పు ఒక్కనాడు జరుగలేదు. 1999 అక్టోబరు 7న ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లండు మొదలగు మధ్య యూరపు దేశములలో 24,500 అడుగులకు పై యెత్తున ఇది ప్రారంభమయ్యెను. అంత యెత్తున ఎగురునవి పెద్ద విమానములే. యంత్రములు మార్చుకొనుట వాని యజమానులకు కష్టమైనను సాధ్యమే. తన యంత్రము ఇరుకు చానెళ్లకు తగినదని తెలుపుటకు విమానము తన ప్రయాణపత్రములో 'వై' అను నక్షరమును చేర్చవలెనని నియమించిరి. 2007 మార్చి 15న ఈ హద్దు 19,500 అడుగులకు దిగెను. 2012లో యూరోపియన్ యూనియన్ చేసిన నిబంధన దానిని నేల వరకు దింపినది: కొన్ని మినహాయింపులతో, 2017 ముగియునప్పటికి విమానములలో క్రొత్త యంత్రములు, 2018 ముగియునప్పటికి నేలపై క్రొత్త చానెళ్లు.

అప్పుడు భారము చిన్నవారిపై బడెను. ఆదివారము నాడు క్లబ్బు విమానమును ఎక్కువారు, ఇంజను లేని గ్లైడరులలో గాలివాలున తేలువారు, ముప్పది యేండ్లనాటి చిన్న విమానమును ప్రేమతో కాపాడుకొనువారు కూడ బాగుగా పనిచేయుచున్న రేడియోను తీసివేసి క్రొత్తది కొనవలసివచ్చెను. రద్దీ పెద్ద విమానములది, ఖర్చు మాకేలయని వారడుగుట సహజము. అందుకు సమాధాన మిదివరకే చెప్పితిమి: పాతయంత్ర మొక్కటి మిగిలినను అది మూడిండ్ల మాటలను చెరచగలదు. ఉమ్మడి వీధిలో ఒక్కరి గోడ కూలినచో నష్టము పొరుగువారిది. ఈ సమాధానము న్యాయమైనదే. అయినను అది వారి సొమ్మును తిరిగి యీయలేదనుటయు నిజమే.

మన ప్రాంతమునకు ఇందుతో సంబంధ మేమి? హైదరాబాదునుండి లండనునకో, ఫ్రాంక్‌ఫర్టునకో పోవు విమానము బయలుదేరునప్పుడు ఇచ్చట 25 కిలోహెర్ట్జుల చానెళ్లపై మాటలాడినను, యూరపు గగనమున ప్రవేశించిన పిమ్మట ఇరుకు చానెళ్లపై మాటలాడవలెను. ఒకే యంత్రము రెండింటికిని తగినట్లు నిర్మింపబడి, అంకెను బట్టి గదిని మార్చుకొనుచుండును. లోన నిద్రించుచున్న తెలుగు ప్రయాణికునికి ఈ మార్పు తెలియదు. తెలియకుండుటయే దాని సఫలత.

ఇటీవలి కాలమున కొన్ని యాజ్ఞలను మాటలతో గాక అక్షరములుగా పంపి తెరపై చదివించు పద్ధతియు వ్యాపించుచున్నది. ఎత్తు మార్చుము, చానెలు మార్చుము అను నిత్యవ్యవహారపు మాటలు తెరపైకి పోయినకొలది గొంతులకు కొంత విశ్రాంతి కలుగును. అంకెలను చెవితో తప్పుగా వినుటయు తగ్గును. కాని తక్షణము చెప్పవలసినది, ఆపదలో పిలువవలసినది మాత్రము మాటయే. వ్రాయుటకును చదువుటకును వ్యవధి లేనప్పుడు మానవుడు మానవుని గొంతునే వెదకును.

19 మెగాహెర్ట్జుల ఈ పట్టీ పెరుగదు. ఇరుప్రక్కల నితరుల స్థలములున్నవి. దానిని 70 భాగములు చేసినప్పుడును, 760 చేసినప్పుడును, 2,280 చేసినప్పుడును చేసిన పని యొక్కటే: యంత్రమును మరికొంచెము క్రమశిక్షణలో నుంచి, మరియొక గొంతునకు చోటు కల్పించుట. ఇకమీదట రాత్రివేళ మన రేడియోలో రెండు కేంద్రములు కలిసి ఈల వేసినప్పుడు, విసుగుకొనుటకు ముందు ఒక్కక్షణము దానిని ఆలకింపుడు. సరిగా ఆ యీల తన చెవిని పడకుండుటకై, పడినచో గుర్తించుటకై, పైనెక్కడనో ఒక పైలటు ఆరంకెలను జాగ్రత్తగా తిరిగి చదివి వినిపించుచుండును.